ఎర్రకన్ను అనగానే కండ్లకలక అని రాసేస్తున్నాం: కళ్ల కేసులు ఎలా గుర్తుపట్టాలి, మందు ఎక్కడ మొదలుపెట్టాలి

#1 తుది_ఏడాది

అందరికీ నమస్కారం. నిన్న ఓపీలో జరిగింది ఎవరికైనా చెప్పుకుంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు. ముప్ఫై దాటిన మనిషి. కుడికన్ను ఒక్కటే ఎర్రబడి నాలుగు రోజులైంది. నీళ్లు కారుతున్నాయి, వెలుతురు చూడలేకపోతున్నాడు, నలుసు పడ్డట్టు గరగరగా ఉందంటున్నాడు. పుసులు లేవు. నేను టార్చి వేసి చూసి కేస్ షీటులో "వైరల్ కండ్లకలక" అని రాశాను. యాంటీబయాటిక్, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు రాయబోతుంటే పక్కనున్న పీజీ మేడమ్ "చూపెంత?" అని ఒక్క మాట అడిగారు. నేను చూడనే లేదు.

చూస్తే ఎడమ 6/6, అంటే మామూలు చూపు. కుడి 6/24, అంటే మామూలు కన్ను 24 మీటర్ల నుంచి చదివేదాన్ని ఆరు మీటర్ల నుంచే చదవగలడు. ఆవిడ ఫ్లోరసీన్ పట్టీ (పుండు పడ్డచోట పట్టే రంగు కాగితం) తడిపి కింది రెప్ప లోపల తాకించి, నీలి వెలుతురు వేశారు. నల్లగుడ్డు మధ్యలో పచ్చగా మెరుస్తూ చిన్న చెట్టుకొమ్మ. ప్రతి కొమ్మ చివరా బొడిపె. హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ పుండు.

ఆ చుక్కలు నేను రాసి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే చేతులు చల్లబడుతున్నాయి. పుస్తకంలో ఎర్రకన్ను పట్టిక నాకు కంఠతా వచ్చు. మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడే అది పనికిరాలేదు. మీరంతా ఏ వరసలో చూస్తారు? స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దది చేసి చూపే యంత్రం) లేని చోట ఎలా?

#2 నల్లగుడ్డు_పీజీ

ముందుగా, ఆ చుక్కలు వేసుంటే ఏమయ్యేదో చెప్తాను, తెలిస్తే జన్మలో మర్చిపోరు. స్టెరాయిడ్ పడగానే ఎరుపు తగ్గుతుంది, మనిషి "హాయిగా ఉంది" అంటాడు. కింద వైరస్‌కి అడ్డు ఉండదు. సన్నటి కొమ్మలు పాకి, కలిసిపోయి, మ్యాప్ ఆకారంలో పెద్ద పుండవుతుంది. దాన్నే జియోగ్రాఫిక్ అల్సర్ అంటాం. లోపలి పొరకి దిగితే మచ్చ మిగులుతుంది, ఆ మచ్చ కంటిపాపకి ఎదురుగా ఉంటే చూపు పోయినట్టే.

హెర్పిస్‌ని పట్టిచ్చే ఇంకో గుర్తుంది, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. దూది కొసని మెలితిప్పి సన్నని పోగులా చేయండి. పేషెంటుని పైకి చూడమని, పక్కనుంచి తెచ్చి నల్లగుడ్డు అంచుని తాకించండి. ఎదురుగా తెస్తే భయంతో రెప్ప వేస్తాడు, అది లెక్కలోకి రాదు. బాగున్న కన్ను టక్కున మూసుకుంటుంది. హెర్పిస్ కన్ను ఆలస్యంగా మూసుకుంటుంది, ఒక్కోసారి అసలు మూసుకోదు. ముందు బాగున్న కన్ను, తర్వాత జబ్బు కన్ను. ఇదంతా మత్తు చుక్కలు వేయకముందే చేయాలి. వేశాక చేస్తే రెండు కళ్లూ మొద్దే.

మందు: అసైక్లోవిర్ 3% ఆయింట్‌మెంట్ రోజుకి 5 సార్లు. లేదంటే గాన్సైక్లోవిర్ 0.15% జెల్, పుండు మానేదాకా 5 సార్లే. కంటిమందు కుదరని చోట అసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి 5 సార్లు. ఈ దశలో స్టెరాయిడ్ ఊసెత్తకూడదు.

జోస్టర్‌లోనూ (సర్పిలోనూ) కొమ్మలాంటిది వస్తుంది కానీ చివర బొడిపెలుండవు, రంగు సరిగ్గా పట్టదు. ముక్కు కొసన పొక్కులుంటే కంట్లోకీ దిగే అవకాశం ఎక్కువ, ఎందుకంటే రెండింటికీ వెళ్లేది ఒకే నరం, నేసోసిలియరీ. అక్కడ మోతాదు 800 మిల్లీగ్రాములు, రోజుకి 5 సార్లు, వీలైతే పొక్కులొచ్చిన 72 గంటల్లోపే మొదలుపెట్టాలి.

#3 ముప్ఫైఏళ్ల_ఓపీ

అమ్మా, నీకు జరిగింది మా అందరికీ ఏదో ఒక రోజు జరిగినదే. రాసి పెట్టినందుకు సంతోషం.

నా వరస చెప్తాను. టార్చి చేతికి తీసుకునే ముందు చూపు. ఏ కన్ను అయినా, ఏ వయసయినా. ఆరు మీటర్ల దూరం, ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి. వేళ్లతో మూయించకండి, సందుల్లోంచి చూస్తారు. అరచేయి పెట్టించండి. చూపు తగ్గితే పిన్‌హోల్ (సూదిబెజ్జం ఉన్న రేకు) పెట్టండి. దాంతో అక్షరాలు మెరుగుపడితే చాలావరకు అద్దాల లోపం. మెరుగుపడకపోతే జబ్బు కంటి లోపలో నల్లగుడ్డులోనో నరంలోనో ఉందని చెప్తున్నట్టు. స్నెల్లెన్ ఆ అక్షరాల చార్టు తయారుచేసింది 1862లో. అంత పాత వస్తువు, ఇంకా దాన్ని మించిన ప్రశ్న మనం కంటిని అడగలేకపోయాం.

తర్వాత ఎరుపు ఎక్కడుందో చూడాలి. కండ్లకలకలో ఎరుపు రెప్పల మూలల్లో, కింది రెప్ప లాగితే కనబడే మడతలో గాఢంగా ఉండి, నల్లగుడ్డు వైపు వచ్చేకొద్దీ పలచబడుతుంది. నల్లగుడ్డు చుట్టూ ఊదారంగు ఉంగరంలా ఉంటే భయపడాలి. అది లోపలి రక్తనాళాలది: నల్లగుడ్డు పుండు, యువైటిస్ (కంటి లోపలి పొర వాపు), మూసుకున్న నీటికాసులు (నీరు పోయే దారి మూసుకుని కంటి ప్రెషర్ పెరగడం), ఈ మూడింటిదీ.

ఆ తర్వాత కంటిపాప. కండ్లకలకలో మామూలుగా ఉంటుంది. యువైటిస్‌లో చిన్నదై, ఒక్కోసారి అంచు లెన్స్‌కి అంటుకుని వంకరటింకరగా ఉంటుంది. నీటికాసులు ముదిరిన కంట్లో మధ్యరకంగా విచ్చుకుని, నిలువుగా కోలగా, వెలుతురు వేసినా కదలకుండా ఉంటుంది. నల్లగుడ్డు కూడా ఆవిరి పట్టిన అద్దంలా మసగ్గా కనిపిస్తుంది.

చూపు తగ్గిందా, లోపల్నుంచి నొప్పి ఉందా, వెలుతురు భరించలేకపోతున్నాడా? ఈ మూడిట్లో ఒక్కటి అవునన్నా కండ్లకలక అని రాయకండి.

#4 రాత్రి_డ్యూటీ

సర్, మీ మాటకి అడ్డు రావడం కాదు, కానీ చూపు ముందు చూడకూడని కేసు ఒకటుంది. కంట్లో రసాయనం పడ్డవాళ్లు. వాళ్లని చార్టు ముందు నిలబెట్టి అక్షరాలు చదివించే ప్రతి నిమిషమూ నష్టమే. మొదట కడగాలి, తర్వాతే పేరూ ఊరూ.

క్షారం మరీ ప్రమాదం. ఆమ్లం తగిలిన చోట ప్రొటీన్లు గడ్డకట్టి కాస్త అడ్డుగోడ కడతాయి. క్షారం కొవ్వుపొరల్ని సబ్బు చేసేసి లోపలికి దిగుతూనే ఉంటుంది, సున్నం ముక్కలైతే రెప్ప కింద దాక్కుని గంటల తరబడి పనిచేస్తాయి. అందుకే పై రెప్ప తిరగేసి, దూదిపుల్లతో మడతలన్నీ తుడవాలి. మత్తు చుక్క వేసి, సెలైన్ బాటిల్ గొట్టంతో కనీసం 30 నిమిషాలు. సెలైన్ లేకపోతే శుభ్రమైన నీళ్లు, వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఆపాక అయిదు నిమిషాలు ఆగి లిట్మస్ పట్టీ పెట్టండి. పీహెచ్ 7 దగ్గరికి రాకపోతే మళ్లీ కడగడమే. ఇంకో కన్నులో పట్టీ పెట్టి పోల్చుకుంటే సులువు.

#5 ముప్ఫైఏళ్ల_ఓపీ

నూటికి నూరుపాళ్లూ నిజం. నేను చెప్పి ఉండాల్సింది. రసాయనమైతే నీళ్లు, మిగతావాటికి చూపు.

ఒకటి చేరుస్తాను. తెల్లగుడ్డు పాలలా తెల్లగా ఉందని "ఎరుపు లేదు, పరవాలేదు" అనుకోవద్దు. క్షారం రక్తనాళాల్ని మూసేస్తే కన్ను తెల్లబడుతుంది. ఆ కన్నే అన్నిటికన్నా పాడైన కన్ను.

#6 వైవా_భయం

సర్, యువైటిస్‌కీ నీటికాసులకీ మందులు ఉల్టాగా ఉంటాయి కదా. ఒకదాంట్లో కంటిపాప పెద్దది చేయాలి, ఇంకోదాంట్లో చిన్నది చేయాలి. పొరపాటున మారిస్తే ఎలా? అలాగే అక్యూట్ నీటికాసుల్లో వెంటనే కంటిపాపని చిన్నది చేసే పైలోకార్పిన్ చుక్క వేయాలని రాసుకున్నాను. కరెక్టేనా?

#7 రాత్రి_డ్యూటీ

పైలోకార్పిన్ సంగతి నల్లగుడ్డు_పీజీ మేడమ్ చెప్తారు. నేను ఆ జబ్బుని వదిలేసిన రాత్రి గురించి చెప్తాను.

ఇంటర్న్‌షిప్ మొదటి నెల. అరవై ఏళ్లావిడ వాంతులతో వచ్చింది, తలకి ఒకవైపు పగిలిపోతోందంటోంది. నేను బీపీ చూశాను, పొట్ట నొక్కి చూశాను, వాంతులకి ఇంజెక్షన్, సెలైన్ పెట్టాను. మైగ్రేన్ అని రాశాను. ఆవిడ చీరకొంగుతో ఎడమకన్ను కప్పుకునే ఉంది. కొంగు తీయమని నేను అడగలేదు. తెల్లవారుజామున సీనియర్ వచ్చి కొంగు తీసి, రెండు చూపుడువేళ్లూ ఆవిడ మూసిన రెప్ప మీద పెట్టి మార్చి మార్చి నొక్కి చూశారు. నా వేళ్లు పట్టుకుని అక్కడ పెట్టారు. కుడికన్ను ముక్కు కొసలా మెత్తగా ఉంది. ఎడమకన్ను గులకరాయి. ప్రెషర్ చూస్తే 58. మామూలుగా 10 నుంచి 21 ఉండాలి.

దీపాల చుట్టూ రంగు వలయాలు కనిపిస్తున్నాయని వారం నుంచి అంటోందని కొడుకు చెప్పాడు. నేనడిగి ఉంటే రాత్రే చెప్పేవాడు. ఆరు గంటలు ఆలస్యం నా వల్ల జరిగింది. అప్పట్నుంచి తలనొప్పీ వాంతులూ ఉన్న ఏ పెద్దవయసు మనిషినైనా కళ్లు చూడకుండా వదల్లేదు.

#8 నల్లగుడ్డు_పీజీ

వైవా_భయం, మీ ప్రశ్న మంచిది. ప్రెషర్ 40, 50 దాటి ఉన్నప్పుడు కంటిపాపని ముడిచే కండరానికి రక్తమే సరిగ్గా అందదు, పైలోకార్పిన్ వేసినా అది కదలదు. అందుకని ముందు ప్రెషర్ దించాలి. అసెటజోలమైడ్ 500 మిల్లీగ్రాములు నరంలోకి గానీ నోటితో గానీ. సల్ఫా పడనివాళ్లా, కిడ్నీ జబ్బుందా అని అడగకుండా ఇవ్వకండి. టిమొలాల్ 0.5% చుక్క, ఉబ్బసం ఉంటే అదీ వద్దు. బ్రిమొనిడిన్ కలపొచ్చు. దిగకపోతే మానిటాల్ 20%, కిలోకి 1 నుంచి 2 గ్రాములు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లలో జాగ్రత్తగా. కాస్త దిగాక పైలోకార్పిన్ 2%. నల్లగుడ్డు తేటపడ్డాక లేజర్‌తో ఐరిస్‌కి (పాప చుట్టూ ఉండే రంగు పొరకి) రంధ్రం. రెండో కంటికి కూడా చేయాలి, అది కూడా అదే ఇరుకు కోణంతో (నీరు బయటికి పోయే మూల ఇరుకుగా) ఉంటుంది కాబట్టి. పరీక్షలో ఈ రెండో కన్ను మాట మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

యువైటిస్ అయితే ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1% మొదట్లో గంటగంటకీ, తర్వాత మెల్లగా తగ్గిస్తూ. కంటిపాప అంటుకోకుండా హోమాట్రోపిన్ 2%. నడుంనొప్పి, పొద్దున్నే వెన్ను బిగుసుకోవడం ఉన్నాయేమో అడగండి, హెచ్‌ఎల్‌ఏ బీ27 (వెన్ను వాపుతో ముడిపడ్డ జన్యువు) కేసులు అక్కడే దొరుకుతాయి.

మారిస్తే ఎలా అన్నారు. ఇరుకు కోణం ఉన్న కంటికి అట్రోపిన్ వేస్తే మీరే అటాక్ తెప్పించినట్టు. అందుకే పాప పెద్దది చేసే చుక్క వేసేముందు టార్చి చెవి వైపు నుంచి అడ్డంగా వేసి చూడండి. ఐరిస్ అంతా వెలిగితే ముందు గది (నల్లగుడ్డుకీ ఐరిస్‌కీ మధ్య ఖాళీ) లోతుగా ఉంది. ముక్కు వైపు సగం నీడలో ఉంటే గది ఇరుకు.

#9 తుది_ఏడాది

మరి నిజమైన కండ్లకలకని ధైర్యంగా కండ్లకలక అనేదెప్పుడు? ఇప్పుడు అన్నీ అనుమానంగానే కనిపిస్తున్నాయి.

#10 నల్లగుడ్డు_పీజీ

పొద్దున లేవగానే రెప్పలు అంటుకుపోయి, పచ్చటి పుసులొస్తుంటే బ్యాక్టీరియా. పుసి తుడిచాక చూపు బాగుంటుంది, అది చూడండి. నీళ్లు కారుతూ, ఒక కన్నుతో మొదలై రెండో దానికి పాకి, చెవి ముందు గడ్డ చేతికి తగిలితే అడినోవైరస్. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు, చల్లటి గుడ్డ, కృత్రిమ కన్నీళ్లు చాలు, రెండు మూడు వారాల్లో పోతుంది. వాళ్లకి మనం చేసే అసలు వైద్యం చేతులు కడుక్కోమని చెప్పడం, తువ్వాలు విడిగా పెట్టుకోమనడం. మన చేతులూ, కంటి ప్రెషర్ కొలిచే టోనోమీటర్ కొసా కూడా. దురద ఉంటే అలర్జీ. దురద లేని అలర్జీ కండ్లకలకని నేనింతవరకూ చూడలేదు. పిల్లల్లో పై రెప్ప తిరగేస్తే రాళ్లు పరిచినట్టు గడ్డలుంటే వెర్నల్ అనే అలర్జీ కండ్లకలక. వాళ్లకి ఒలొపటడిన్ లాంటి అలర్జీ చుక్కలు దీర్ఘంగా ఇవ్వాలి. స్టెరాయిడ్ అవసరమైనా కొద్దిరోజులే, కంటి ప్రెషర్ చూసుకుంటూ. ఇంట్లో సీసా పెట్టుకుని ఏళ్ల తరబడి వేసుకుని, నీటికాసులతోనూ శుక్లంతోనూ వచ్చిన పిల్లాణ్ని చూశాను. ఎంత తిట్టుకున్నా పోయిన నరం తిరిగి రాదు.

ఒక్క రకానికి మాత్రం పరుగెత్తాలి. తుడిచిన నిమిషంలోనే చీము మళ్లీ ధారగా కారుతుంటే గనోరియా. ఆ బ్యాక్టీరియాకి గాయం అక్కర్లేదు, బాగున్న నల్లగుడ్డునే తొలుచుకుని వెళ్తుంది. సెఫ్ట్రయాక్సోన్ 1 గ్రాము కండలోకి, మాటిమాటికీ సెలైన్‌తో కడగడం, భాగస్వామికీ వైద్యం.

నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే ఇక అది కండ్లకలక కాదు, పుండు. దుమ్ము, ఆకు, పుల్ల తగిలిందని చెప్తే ఫంగస్ అనుకోండి: పొడిగా, కాస్త ఉబ్బెత్తుగా, ఈకలాంటి అంచులు, పక్కన పిల్ల మచ్చలు. గీకి కేఓహెచ్ 10% ద్రావణంలో మైక్రోస్కోప్ కింద చూస్తే పోగులు కనిపిస్తాయి. నటామైసిన్ 5% గంటగంటకీ, వారాల తరబడి. కాంటాక్ట్ లెన్సు పెట్టుకునేవాళ్లయితే సూడోమోనాస్, ఒక్కరోజులో నల్లగుడ్డు కరిగిపోగలదు. కనిపించే మచ్చకి మించి నొప్పితో అల్లాడుతుంటే అకాంతమీబా అనే ఏకకణ జీవి గుర్తుకు రావాలి. ఏ పుండుకీ కట్టు కట్టకండి. వెచ్చగా, చీకటిగా ఉంటే సూక్ష్మజీవులకి అంతకన్నా ఏం కావాలి? మత్తు చుక్కల సీసా ఇంటికి ఇవ్వకండి. నొప్పి తెలియకుండా వేసుకుంటూ పోతే నల్లగుడ్డే కరుగుతుంది.

#11 పిల్లల_వార్డు

పసిపిల్లల గురించి ఎవరూ రాయలేదు. పుట్టిన రెండో రోజు నుంచి అయిదో రోజులోపు రెప్పలు వాచి చీము వస్తే గనోరియా. అయిదు నుంచి పద్నాలుగు రోజుల మధ్య అయితే క్లమీడియా. క్లమీడియాకి కంటి మందు చాలదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది కాబట్టి ఎరిత్రోమైసిన్ నోటితో, కిలోకి రోజుకి 50 మిల్లీగ్రాములు నాలుగు భాగాలుగా, 14 రోజులు. 1881లో క్రెడే అనే జర్మన్ వైద్యుడు పుట్టగానే సిల్వర్ నైట్రేట్ చుక్క వేయడం గురించి ప్రకటించాక ఈ జబ్బుతో గుడ్డివాళ్లయ్యే పిల్లలు బాగా తగ్గారు.

సాయంత్రం కాగానే పిల్లాడు గోడలు పట్టుకుని నడుస్తున్నాడని తల్లి చెప్తే తేలిగ్గా తీసుకోవద్దు. రేచీకటి మొదటి మెట్టు, తెల్లగుడ్డు మీద నురగలాంటి బైటాట్ మచ్చలు తర్వాతి మెట్టు, నల్లగుడ్డు మెత్తబడిపోవడం ఆఖరిది. విటమిన్ ఏ ఏడాది దాటినవాళ్లకి 2 లక్షల యూనిట్లు వెంటనే, మర్నాడు, రెండు వారాల తర్వాత. ఆరు నెలల నుంచి ఏడాదిలోపు వాళ్లకి లక్ష, అంతకన్నా చిన్నవాళ్లకి 50 వేలు, అవే మూడు విడతలు. తట్టు సోకిన పిల్లల్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఇంకొకటి, ఇది రాస్తుంటే కూడా గొంతు పట్టేస్తుంది. ఫొటోలో ఒక కన్ను ఎర్రగా, ఇంకోటి తెల్లగా మెరుస్తోందని తల్లి ఫోను చూపిస్తే "కెమెరా లోపం" అనకండి. ఆ రోజే పాప విప్పి రెటీనా చూడాలి. అది శుక్లం కావచ్చు, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కావచ్చు. కొత్తగా మెల్లకన్ను వచ్చిన పిల్లలకీ అంతే. తల్లులు చెప్పింది నమ్మండి.

#12 మెడిసిన్_పీజీ

ఎర్రకళ్ల మధ్య తెల్లకళ్లని మర్చిపోతున్నాం. మా వార్డులోకి వచ్చేవి అవే.

ఒక్కసారిగా, నొప్పి లేకుండా ఒక కంటి చూపు పోతే రెటీనా ధమని మూసుకుపోయిందేమో చూడాలి: పాలిపోయిన రెటీనా మధ్యలో ఎర్రటి చుక్క. అది కంటి స్ట్రోకు, మెదడు స్ట్రోకుకి చేసే పరీక్షలన్నీ చేయాలి. యాభై దాటినవాళ్లకి కణతల నొప్పి, నమిలేటప్పుడు దవడ నొప్పి, తల దువ్వుకుంటే నొప్పి ఉంటే జెయింట్ సెల్ ఆర్టిరైటిస్ (తల ధమనుల వాపు). ఈఎస్‌ఆర్ (ఒంట్లో వాపు తెలిపే పరీక్ష)కి రక్తం పంపి, బయాప్సీ కోసం ఆగకుండా స్టెరాయిడ్ మొదలుపెట్టాలి, లేకపోతే రెండో కన్నూ పోతుంది. ఈ చర్చంతా స్టెరాయిడ్ వద్దు వద్దు అని సాగింది కదా, ఇక్కడ మాత్రం ఇవ్వకపోవడమే తప్పు.

మెరుపులు, మసిచుక్కల వాన, తర్వాత పక్కనుంచి తెర దిగడం: రెటీనా ఊడుతోంది. రెప్ప వాలి, కన్ను బయటికి తిరిగి, పాప పెద్దదైతే మెదడులో రక్తనాళం ఉబ్బి మూడో నరాన్ని నొక్కుతోందేమో, అదే గంటలో స్కాన్.

చక్కెర జబ్బు వాళ్లలో టైప్ 2 అయితే జబ్బు తేలిన రోజే రెటీనా చూడాలి, టైప్ 1 అయితే అయిదేళ్లలోపు, తర్వాత ఏటా. "నాకు బాగా కనిపిస్తోంది" అన్న మాట మీద వదిలేయకండి, మచ్చభాగం (రెటీనా నడిబొడ్డు, మాక్యులా) దెబ్బతినేదాకా బాగానే కనిపిస్తుంది.

#13 వైవా_భయం

శుక్లం గురించి ఒక్క ప్రశ్న. శుక్లం బాగా ముదిరి వెనక ఏమీ కనిపించనప్పుడు, ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందో రాదో ఎలా చెప్పగలం?

#14 ముప్ఫైఏళ్ల_ఓపీ

టార్చి చాలు. ఒక కంటి మీద వేసి, వెంటనే రెండో కంటికి, మళ్లీ మొదటిదానికి మార్చండి. వెలుతురు పడ్డ కంట్లో పాప చిన్నదవ్వాల్సింది పోయి విచ్చుకుంటే, ఆ కంటి నరమో రెటీనా చాలా భాగమో దెబ్బతింది. శుక్లం ఎంత ముదిరినా ఆ లక్షణం తేదు. తెల్లటి శుక్లం ఉండి ఇది కూడా కనిపిస్తే ఇంట్లోవాళ్లకి ఆపరేషన్‌కి ముందే చెప్పండి. తర్వాత చెప్తే సాకులా వినిపిస్తుంది. నాలుగు దిక్కుల నుంచి వెలుతురు వేసి ఎటునుంచి వస్తోందో చెప్పమనండి, అల్ట్రాసౌండ్ బీ స్కాన్ చేయించండి.

ఇంకో మాట. "చత్వారం పోయింది డాక్టరుగారూ, అద్దాల్లేకుండా చదువుతున్నా" అని సంబరంగా చెప్పే పెద్దాయన లెన్స్ చూడండి. న్యూక్లియస్ గట్టిపడి దగ్గరి చూపు తాత్కాలికంగా మెరుగవుతుంది, దూరం తగ్గిపోతుంది. ఎండలోకి వెళ్తే చూపు తగ్గుతోందంటే వెనకపొర శుక్లం, స్టెరాయిడ్లు వాడారా అని అడగండి. మందులతో కరిగే శుక్లం లేదు. 1949లో రిడ్లీ మొదటి లెన్స్ పెట్టేదాకా, శుక్లం తీసినవాళ్లంతా సోడాబుడ్డి అద్దాలతోనే బతికారు. విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని ఓర్చుకోవడం చూసి ఆయనకి ఆ ఆలోచన వచ్చింది. పేషెంటుని చూడటమంటే అదీ.

నీటికాసుల్లో ఎక్కువ రకం నొప్పీ ఎరుపూ లేకుండా పోతుంది. ప్రెషర్ మామూలుగా ఉన్నా డిస్క్ (కంటినరం మొదలు) చూడకుండా లేదనకండి.

#15 రాత్రి_డ్యూటీ

రెప్పల గురించి కూడా రెండు ముక్కలు. నొప్పి పెట్టే కురుపు వెంట్రుక మొదట్లో ఉంటే కంటికురుపు, వేడి కాపడం చాలు. నొప్పి లేకుండా గట్టిగా ఉంటే కలేజియన్. పెద్దవయసులో అదే చోట మళ్లీ మళ్లీ వస్తే కోసి పారేయకుండా బయాప్సీకి పంపండి, సెబేషియస్ క్యాన్సర్ ఆ వేషంలోనే వస్తుంది. పిల్లల్లో రెప్ప వాపుతోపాటు గుడ్డు ముందుకొచ్చి, అటూఇటూ తిప్పలేకపోతుంటే ఆర్బిటల్ సెల్యులైటిస్ (కంటిగుంటలో ఇన్ఫెక్షన్). సైనస్‌ల నుంచి వచ్చిన చీము. అడ్మిషన్, నరంలోకి యాంటీబయాటిక్స్, సీటీ.

#16 తుది_ఏడాది

పది రోజుల తర్వాత ఇవాళ ఆయన వచ్చాడు. నేనే పిలిచి కూర్చోబెట్టాను. ముందు చార్టు: కుడి 6/9. తర్వాత దూదిపోగు, పక్కనుంచి. ఎడమకన్ను టక్కున మూసుకుంది, కుడికన్ను కాసేపు ఆగి మూసుకుంది. తర్వాత పట్టీ, నీలి వెలుతురు. పచ్చకొమ్మ లేదు, అది ఉన్నచోట పల్చటి మసక మిగిలింది, నీడలా. మళ్లీ రావచ్చని, ఎర్రబడితే సొంతంగా ఏ చుక్కా వేసుకోవద్దని, నేరుగా రమ్మని చెప్పాను. "ఆ రోజు మీరు రాయబోయిన చుక్కలు మా ఇంట్లో పాతవి ఉన్నాయి, అవి వేసుకోకపోవడం మంచిదయిందా?" అని అడిగాడు. అవునన్నాను. రేపు వచ్చేటప్పుడు ఆ సీసా తెచ్చి నాకివ్వమన్నాను.